నివారణకు చోటు కళాశాలే

మనిషి జీవితంలో తలెత్తే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్లకే, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లకే మొదలవుతాయని అమెరికాలో రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. తెలుగు రాష్ట్రాల పిల్లలు ఇల్లు విడిచి ఇంటర్మీడియట్ హాస్టళ్లలో చేరేది కూడా ఈ వయసులోనే గనుక, నివారణ ఆస్పత్రిలో కాక కళాశాల దినచర్యలోనే మొదలు కావాలి.

నివారణలో ఇక్కడ రెండు విధాలు ముఖ్యం. విద్యార్థులందరూ మసలే వాతావరణాన్ని బాగుచేయడం సార్వత్రిక నివారణ కాగా, నిద్ర చెదరడం, తిండి తగ్గడం, స్నేహితులకు దూరంగా మసలడం వంటి తొలి సంకేతాలు కనిపించినవారికి వ్యాధి నిర్ధారణ దాకా ఆగకుండా తోడ్పడటం లక్షిత నివారణ.

ఈ రెండింటినీ కలిపి బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహర్’ కార్యక్రమాన్ని పరీక్షించారు. పిల్లలు తమ ఇబ్బందులను చీటీల మీద రాసి వేసే పెట్టె, ప్రార్థనా సమావేశంలో చర్చ, గోడపత్రిక, విడిగా మాట్లాడే అవకాశం అందులో భాగాలు. ఇందుకోసమే శిక్షణ పొందిన కార్యకర్త ఉన్న పాఠశాలల్లో వాతావరణం మెరుగుపడి, కుంగుబాటు లక్షణాలు, తోటివారి వేధింపులు తగ్గగా, అదే పనిని ఉపాధ్యాయులకు అప్పగించిన చోట చెప్పుకోదగ్గ ఫలితం రాలేదని 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన నివేదిక తెలిపింది. మార్కులు వేసే చేతికే మనసు విప్పి చెప్పుకోవడం ఏ పిల్లవాడికైనా కష్టమే.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ దిశగానే సాగాయి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని, సాధ్యమైనంత వరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదని, సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

తక్షణ సాయం కావలసినవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు ఉన్నా, ఫోన్ అందుబాటులో లేని హాస్టల్ విద్యార్థికి కావలసింది ఆవరణలోనే నమ్మకంగా వినే మనిషి. అందువల్ల అనుబంధ గుర్తింపు ఇచ్చే ముందు ప్రయోగశాలలను, అగ్నిమాపక ధ్రువపత్రాన్ని పరిశీలించినట్లే, బోధన బాధ్యత లేని కౌన్సెలర్ ఉన్నారా, వారాంతపు పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం ఆగిందా అన్నది కూడా ఇంటర్మీడియట్ బోర్డులు తనిఖీ చేసి, లేనిచోట గుర్తింపును నిరాకరించాలి.