పుట్టినింటికి వచ్చుటకు పత్రమేల?

సంక్రాంతి సమీపించుచున్నది. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములందు స్థిరపడిన బిడ్డలు సెలవులకు వత్తురని మన గృహములందు అప్పుడే సందడి మొదలైనది. అరిసెలకు బియ్యము సిద్ధపఱచు తల్లులును, మేడమీది గదికి వెల్లవేయించు తండ్రులును మా వీధిలోనే నలుగురైదుగురు కలరు. ఇట్టి సంతోషసమయమున మేము పాకము సంగతి విడిచి పత్రముల సంగతి వ్రాయుట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని మా యింట జరిగిన యొక సంగతి మమ్ము వ్రాయక యుండనీయకున్నది.

మా పెత్తండ్రిగారి పెద్దకుమారులు అమెరికాలో పదునైదేండ్లకు పైగా ఉద్యోగము చేసి, తుదకు ఆ దేశపు పౌరసత్వమును స్వీకరించిరి. పిమ్మట రెండు మాసములకే మా పెత్తండ్రిగారు హఠాత్తుగా గతించిరి. వార్త వినినంతనే అన్నగారు కట్టుబట్టలతో విమానాశ్రయమునకు పరుగెత్తిరి. వారి చేత క్రొత్త అమెరికా పాస్‌పోర్టును, ఇంకను నాలుగేండ్ల గడువున్న భారతదేశపు పాస్‌పోర్టును గూడ నుండెను. ఈ రెండవది యుండగా నన్నెవరు ఆపుదురని వారి ధైర్యము. విమానముల సంస్థవారు రెంటిని చూచి, "మీరిప్పుడు ఆ దేశపు పౌరులు కారు, క్రొత్తదానికి వీసా లేదు" అని వెనుకకు పంపిరి. నడుమ సెలవుదినములు వచ్చెను. అవి గడచి, కాన్సులేటువారు అత్యవసరపు వీసా నిచ్చి, మరల విమానము దొరకి, వారు ఊరు చేరునప్పటికి ఏడవనాటి రాత్రి యయ్యెను. అగ్నిసంస్కారము తమ్ముడు చేసెను. జ్యేష్ఠపుత్రునకు దశాహమునాటి ధర్మోదకములు మాత్రమే దక్కినవి.

ఆనాడు మా పెద్దమ్మ మమ్ము దగ్గఱకు పిలిచి, "నీవు చదువుకొన్నదానవు గదే తల్లీ! వాడు పుట్టిన యిల్లిది. పోయినవారు వాని తండ్రి. వాడు రావలెనన్న చీటి యేమే?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. తరువాత తెలిసినవారి నడిగి, చదివి గ్రహించినదానిని మీ యెదుట నుంచుచున్నాము.

మొదట నొకమాట. ఈ చీటి పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. ఒక మాషము పుచ్చుకొని ముద్ర యిచ్చుట అతని పని. ముద్ర గలవాడే జనపదమున ప్రవేశింపవచ్చును, వెడలవచ్చును. ముద్ర లేనివాడు ఆ దేశమువాడే యైనను పండ్రెండు పణములు దండుగ చెల్లింపవలెను. భారతమున వనపర్వమందు సాళ్వుడు ద్వారకపై దండెత్తినప్పుడు ముద్ర లేనిదే యెవరిని పురమునుండి వెడలనీయలేదు, లోనికి రానీయలేదు. కావున వాకిటివాడు చూచునది ముద్రనే గాని మన హృదయమును గాదు.

ఇక మా యన్నగారు చేసిన పొరపాటేమి? పాస్‌పోర్టుపై గడువున్నంతకాలము పౌరసత్వమును ఉండునని వారు తలచిరి. మన రాజ్యాంగపు 9వ అధికరణమును, 1955వ సంవత్సరపు పౌరసత్వ చట్టపు 9వ విభాగమును అట్లు చెప్పుటలేదు. తన యిష్టముచే అన్యదేశ పౌరసత్వమును గ్రహించినవానికి ఆ క్షణముననే భారత పౌరసత్వము పోవును. మాంగల్యధారణముతో ఆడుబిడ్డకు గోత్రము మారినట్లే యిదియు. తల్లిదండ్రులు మారరు, మమకారము మారదు. గోత్రము మాత్రము మారినది. పాత పాస్‌పోర్టును కాన్సులేటునందు అప్పగించి, పౌరసత్వమును వదలుకొన్నట్లు పత్రము పొందవలెను. దానిని పెట్టెలో దాచి, పిమ్మట ప్రయాణమునకు వాడుట నేరము. "ఉండనిమ్ము, ఎప్పటికైన పనికివచ్చును" అని తల్లులు సలహా చెప్పుట బిడ్డకు కీడు చేయుటయే.

అయినను మన ప్రభుత్వము వెడలిపోయినవారికి తలుపు మూయలేదు. 1999లో భారతసంతతివారి కార్డును, తరువాత ఓ.సీ.ఐ. యను విదేశ భారతపౌరుల కార్డును ఏర్పఱచిరి. ఈ రెండవదానిని 2006 జనవరిలో మన హైదరాబాదునందే, ప్రవాసి భారతీయ దివస్ సభలో, నాటి ప్రధాని మన్మోహన్ సింగుగారు ప్రారంభించిరి. 2015 జనవరి 9వ తేదీనుండి మొదటి కార్డును దీనిలోనే కలిపివేసిరి. ఇది గలవారు జీవితాంతము ఎన్నిమారులైనను రావచ్చును, ఎంతకాలమైనను ఉండవచ్చును. పూర్వము భారతపౌరులుగా నున్నవారును, వారి బిడ్డలు, మనుమలు, మునిమనుమలును దీనికి అర్హులు. అన్యదేశస్థురాలైన కోడలికిని, అన్యదేశస్థుడైన అల్లునికిని వివాహము నమోదై రెండేండ్లు నిండిన పిమ్మట దీని నడుగు హక్కు కలదు. తాము గాని, తల్లిదండ్రులు, తాతముత్తాతలు గాని పాకిస్తాను, బంగ్లాదేశముల పౌరులైనవారికి మాత్రము ఈయరు.

పేరున పౌరసత్వమున్నను ఇది పౌరసత్వము కాదు. ఓటు లేదు, శాసనసభలకు నిలుచుటకు వీలులేదు, ప్రభుత్వోద్యోగములు సామాన్యముగా లేవు. ఇల్లు కొనవచ్చును గాని పొలము, తోట కొనరాదు. తండ్రినుండి వారసత్వముగా వచ్చిన మాగాణిని మాత్రము అనుభవింపవచ్చును. పత్రికారచన, పరిశోధన, మతప్రచారము, పర్వతారోహణము వంటివానికి వేఱుగా అనుమతి కావలెను.

కార్డు వచ్చినదని నిశ్చింతగా నుండుటయు తగదు. ఇరువదేండ్లలోపు కార్డు పొందిన బిడ్డకు ఇరువది నిండిన తరువాత క్రొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు కార్డును ఒకమారు మార్పింపవలెను. ఇరువదేండ్లు నిండువఱకు పాస్‌పోర్టు మారినప్పుడెల్లను, మరల ఏబది నిండిన తరువాత ఒకమారును క్రొత్త పాస్‌పోర్టు ప్రతిని, ఛాయాచిత్రమును మూడు మాసములలో అంతర్జాలమున సమర్పింపవలెను. ముఖము మారును గదా!

జీవితాంతపు అనుమతియైనను ప్రభుత్వము చేతిలోనిదే యని 2020వ సంవత్సరము తెలిపినది. కరోనా వ్యాధి వ్యాపించిన ఆ మార్చి 13వ తేదీనుండి ఈ కార్డుపై ప్రయాణమును నిలిపివేసిరి. తల్లిదండ్రులు భారతపౌరులైనను, అమెరికాలో పుట్టిన పసిబిడ్డ ఆ దేశపు పౌరురాలగుటచే, తల్లికి విమానమున చోటుండి చంటిబిడ్డకు లేకపోయిన కుటుంబములెన్నియో యుండెను. మే 22వ తేదీన అట్టి బిడ్డలకును, కుటుంబమున ఆపద కలిగినవారికిని సడలింపు నిచ్చిరి.

ఇంకను కార్డు లేనివారును, వారి వెంట వచ్చు స్నేహితులును వీసా పొందవలసినదే. 2014 నవంబరునుండి అనేక దేశములవారికి అంతర్జాలముననే వీసా నిచ్చుచున్నారు. బంధువులను చూచుటకును అది చెల్లును. ప్రయాణమునకు నాలుగు దినములైనను ముందుగా కోరవలెను. పాస్‌పోర్టుకు ఆఱుమాసముల గడువును, రెండు ఖాళీ పుటలును ఉండవలెను. ప్రతి శిశువునకును వేఱు వీసా కావలెను. తల్లిదానిలో బిడ్డ చేరదు.

ఆతిథ్యమిచ్చు గృహిణికిని ఇందు బాధ్యత కలదు. విదేశీయుడు బసచేసిన సంగతిని 24 గంటలలో నమోదు కార్యాలయమునకు తెలుపవలెనను నియమము మన దేశమున కలదు. విడిదిగృహములవారికి ఇది నిత్యకృత్యము. ఇంటనే బస యిచ్చువారును ఆ కార్యాలయమువారి నడిగి నడచుకొనుట మేలు. అతిథి వచ్చినను వెడలినను గృహస్థు నగరాధికారికి తెలుపవలెనని కౌటిల్యుడు నాడే విధించెను. 1946వ సంవత్సరపు విదేశీయుల చట్టము మొదలగు పాతవానిని తొలగించి క్రొత్త చట్టమును 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలుపఱచినారు గనుక, పూర్వము చుట్టములు చెప్పిన మాటలపై ఆధారపడక ప్రయాణమునకు ముందే నేటి నియమమును కనుగొనుడు.

మరలి వచ్చి ఇచ్చటనే స్థిరపడగోరువారికిని త్రోవ యున్నది. ఆ కార్డు పొంది అయిదేండ్లు నిండి, దరఖాస్తునకు ముందు పండ్రెండు మాసములు ఇచ్చట నివసించినవారు మరల భారతపౌరసత్వమును కోరవచ్చును. అప్పుడు ఆ దేశపు పౌరసత్వమును వదలుకొనవలెను. ఒక వరలో రెండు కత్తు లిముడవు.

మీ బిడ్డలు పౌరసత్వము మార్చుకొన్నారని వినినప్పుడు మనసు చివుక్కుమనుట సహజము. మా పెద్దమ్మయు చాలదినములు కంట తడి పెట్టెను. ఉద్యోగము, బిడ్డల చదువు, ఇల్లు అన్నియు నచ్చటనే యున్నవారిని నిందించి ఫలమేమి? అట్టి నిందకు వెఱచియే కొందఱు బిడ్డలు ఆ సంగతిని ఇంట చెప్పక దాతురు. దాచుటచే పత్రముల సంగతియు వెనుకబడును. ఆపద చెప్పి రాదు. కావున ప్రమాణము చేసిన వారముననే పాత పాస్‌పోర్టు నప్పగించుటకును, కార్డు కోరుటకును పూనుకొనుమని మీరే హెచ్చరింపుడు. వదలుకొన్న పత్రము, మన దేశపు పాత పాస్‌పోర్టు ప్రతులు, తల్లిదండ్రుల జననపత్రములు, వివాహపత్రము ఇవన్నియు నొక సంచిలో నుంచి, నకళ్లను ఇచ్చట మీ బీరువాలోను ఉంచుడు.

మా యన్నగారు ఆ యేడే కార్డు పొందిరి. ఈ సంక్రాంతికి భార్యాబిడ్డలతో వచ్చుచున్నారు. మొన్న ఫోనులో మాటాడునప్పుడు మా పెద్దమ్మ, "ఏ దినమున వచ్చెదవురా?" అని యడుగుటకు ముందే, "పిల్లదానికి ఇరువది నిండినవి గదా, కార్డు మార్పించితివా?" అని యడిగెను. ఆమె చదువుకొన్నది కాదు. కాని ఈ పాఠమును మఱవలేదు.