రాతి అరుగు మీద మాట, మీటింగులో మాట

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం కేంద్రంగా మన్యం జిల్లా ఏర్పడినప్పటి నుంచి మనవాళ్లలో చాలామంది ఒక మాట అంటున్నారు: "మన జిల్లా మనకొచ్చింది, ఇక మన సంగతి మనమే చూసుకోవచ్చు" అని. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. ఎందుకో చెప్పాలంటే కేన్యాలోని లాము దీవుల దాకా వెళ్లాలి. మా డిగ్రీలో స్థానిక ప్రభుత్వాల పేపర్ ఉంది, అందులో కేన్యా గురించి రాసింది ఒక్క పేరా. ఆ పేరా పట్టుకుని లైబ్రరీలో, ఫోన్లో వెతుక్కుంటూ పోతే లాము దగ్గర ఆగిపోయాను.

లాము కేన్యా ఉత్తర తీరంలో, సోమాలియా సరిహద్దు పక్కన ఉంటుంది. లాము, మండా, పాటే లాంటి దీవులు, వాటికి ఎదురుగా అడవి ఉన్న నేల. 2019 లెక్కల్లో జనాభా 1,43,920. మన ఏజెన్సీలో రెండు మూడు మండలాలు కలిపితే అంత. లాము పాత పట్నంలో ఇళ్లు పగడపు రాయితో కట్టినవి, పైకప్పుకి మడచెట్టు దూలాలు. సందులు ఎంత ఇరుకంటే కార్లు పట్టవు, సరుకంతా గాడిదల మీదే. (మన కొండల మీద నుంచి సంతకి గుర్రాల మీద సరుకు దింపుతారు కదా, అలాగన్నమాట.) 2001లో యునెస్కో ఆ పట్నాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

ఆ ఇళ్ల గుమ్మాల ముందు రాతి అరుగులు ఉంటాయి. వాటిని స్వాహిలీలో బరాజా అంటారు. సాయంత్రం పెద్దలు కూర్చుని కబుర్లు, తగువులు, చేపల ధరలు, పెళ్లి సంబంధాలు అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. ఇందులో నన్ను పట్టేసింది ఏంటంటే, ప్రభుత్వ అధికారి జనాన్ని పిలిచి పెట్టే మీటింగుని కూడా బరాజా అనే అంటారు. మంత్రివర్గాన్ని కూడా అంతే, మంత్రుల బరాజా. మన రచ్చబండ కూడా ఇలాంటిదే కదా. మొదట చెట్టు కింద బండ, తర్వాత అదే పేరుతో ప్రభుత్వ కార్యక్రమం. పేరు ఒకటే గానీ అరుగు మీద ఎవరైనా మాట్లాడొచ్చు, ఎంతసేపైనా మాట్లాడొచ్చు. అధికారి బరాజాలో ఆయన చెప్తాడు, వీళ్లు వింటారు.

పాలన సంగతి త్వరగా చెప్తాను. ముందు లాము ఒక డిస్ట్రిక్టు, దాన్ని నడిపేది నైరోబీ పంపిన అధికారి. 2010లో కేన్యాకి కొత్త రాజ్యాంగం వచ్చింది. 2013 ఎన్నికలతో 47 కౌంటీలు మొదలయ్యాయి, లాము ఒక కౌంటీ అయింది. ఓటేసి ఎన్నుకున్న గవర్నరు, కౌంటీ సభ, అందులో 10 వార్డుల నుంచి గెలిచిన సభ్యులు. ఆసుపత్రులు, చిన్నపిల్లల బడులు, కౌంటీ రోడ్లు వీళ్ల చేతిలో. పోలీసులు, భూమి పట్టాలు, పెద్ద ఓడరేవులు మాత్రం నైరోబీ చేతిలోనే. ఊళ్లలో "చీఫ్" అనే అధికారి కూడా నైరోబీ ఉద్యోగే. అంటే సొంత కౌంటీ వచ్చింది గానీ నేలని, సముద్రాన్ని మార్చేసే నిర్ణయం కౌంటీది కాదు.

అది ఓడరేవుతో తేలిపోయింది. 2012 మార్చిలో మువై కిబాకి, ఇథియోపియా ప్రధాని మెలెస్ జెనావి, దక్షిణ సూడాన్ అధ్యక్షుడు సాల్వా కీర్ ముగ్గురూ లాము వచ్చి శంకుస్థాపన చేశారు. 32 బెర్తుల రేవు, అక్కడి నుంచి పక్క దేశాలకి రోడ్డు, రైలు, పైపులైను అన్నారు. మండా అఖాతంలో సముద్రం అడుగు తవ్వారు. చిన్న తెరచాప పడవలతో వేటాడేవాళ్లకి చేపలు దొరికే చోటు అదే. మడ అడవి పోయింది, పగడం పోయింది. లోతు సముద్రంలోకి వెళ్లే పడవ వాళ్ల దగ్గర లేదు.

వాళ్లు కోర్టుకెళ్లారు. కేసు 2012లో వేస్తే తీర్పు 2018 ఏప్రిల్ 30న వచ్చింది. సమాచారం తెలుసుకునే హక్కు, సంస్కృతి హక్కు, మంచి పర్యావరణం హక్కు దెబ్బతిన్నాయని హైకోర్టు చెప్పింది. సుమారు 4,600 మంది మత్స్యకారులకి 176 కోట్ల షిల్లింగులు ఇవ్వమంది. చేపలు పట్టడం వాళ్లకి బతుకు ఒక్కటే కాదు, సంస్కృతి కూడా అని ఒప్పుకుంది. పట్టా లేని సముద్రం మీద తరతరాల వాడకానికి విలువ కట్టారు చూడండి! పోడు భూమికి కాగితం ఏదని అడిగించుకునే మనకి దీని బరువు వేరే చెప్పక్కర్లేదు. కానీ డబ్బు వెంటనే రాలేదు. అప్పీలు, తర్వాత రాజీ చర్చలు, కొంత నగదు, కొంత పడవలు వలల రూపంలో అని బేరాలు, ఏళ్లు గడిచాయి. ఈలోపు 2021 మేలో మొదటి బెర్తు తెరిచేశారు.

రెండోది బొగ్గు కరెంటు కేంద్రం. లాముకి ఎదురుగా నేల మీద క్వాసాసి అనే చోట 1,050 మెగావాట్లది కడతామన్నారు. 2016లో పర్యావరణ లైసెన్సు కూడా వచ్చేసింది. లాము జనం జాతీయ పర్యావరణ ట్రిబ్యునల్‌కి వెళ్లారు, 2019 జూన్ 26న లైసెన్సు రద్దయింది. మీటింగులే పెట్టలేదని కాదు. పెట్టారు. కానీ అవి అధ్యయన నివేదిక పూర్తికాక ముందు పెట్టినవి, పరిచయం లాంటివి. నివేదిక వచ్చాక, అందులో ఏముందో జనానికి తెలిసేలా చెప్పి అభిప్రాయం అడగడం సరిగ్గా జరగలేదు. ఏమడుగుతున్నారో తెలియకుండా తలూపితే దాన్ని అభిప్రాయం అనలేమని ట్రిబ్యునల్ అన్నట్టే నాకు అర్థమైంది.

నా మాట ఇక్కడే. లాము వాళ్లని గెలిపించింది సొంత కౌంటీ ఒక్కటే కాదు. ఓడరేవు కేసులో కోర్టు చెప్పింది, కౌంటీ ప్రభుత్వాన్నే సరిగ్గా కలుపుకోలేదు అని! గెలిపించింది "మమ్మల్ని ఎప్పుడు అడిగారు, ఏం చూపించి అడిగారు" అని వదలకుండా పట్టుకున్న జనం. సేవ్ లాము అనే స్థానిక సంఘాల కూటమి ఇంకో పని కూడా చేసింది. స్వాహిలీ, బజుని, అవేర్, సాన్యె, ఒర్మా జనాల్ని కలిపి, మా నేల, నీళ్లు మేమెలా వాడుకుంటాం, బయటివాళ్లు వస్తే మమ్మల్ని ఎలా సంప్రదించాలి అనేది ఒక పత్రంగా రాసుకున్నారు.

కోర్టులో గెలవడం మనకి కొత్త కాదు, 1997 సమతా తీర్పు మన అనంతగిరి కొండల నుంచి వెళ్లిన కేసే. పీసా చట్టం 1996 నుంచి ఉంది, మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. కానీ మా ఊళ్లో నేను చూసిన గ్రామసభ ఏంటంటే రిజిస్టర్ వస్తుంది, సంతకాలు వేలిముద్రలు పడతాయి, రిజిస్టర్ వెళ్లిపోతుంది. పైన తీర్మానం ఏం రాశారో మా అమ్మకి తెలియదు. తెలుగులో చదివి వినిపించినా సగం మందికి అందదు, ఇంట్లో మాట్లాడేది కువి కదా. కొత్త కలెక్టరేట్ దగ్గర్లో ఉండటం మంచిదే, బస్సు చార్జీ తగ్గింది. రిజిస్టర్ మాత్రం మారలేదు.

లాముని ఆకాశానికెత్తడం కూడా నాకిష్టం లేదు. అక్కడ అవేర్ అనే జనం ఉన్నారు, బోని అని కూడా అంటారు. కొన్ని వేల మంది. వేట, తేనె మీద బతికిన అడవి మనుషులు. 1977లో కేన్యా వేట మొత్తం నిషేధించింది, అంటే ఒక్క రోజులో వాళ్ల తిండి నేరమైపోయింది. 2015లో అల్-షబాబ్ మీద సైన్యం బోని అడవిలోకి దిగాక తేనెకి వెళ్లడం కూడా కష్టమైంది, బసుబా వార్డులో బడులు ఏళ్ల తరబడి మూతపడ్డాయి. కౌంటీ సభలో బసుబాకి సభ్యుడు ఉన్నారు. వార్డు ఉంది, సీటు ఉంది, బడి మాత్రం ఏళ్ల తరబడి లేకపోయింది. దీవి మీద పట్నం వాళ్ల గొంతు నైరోబీ దాకా వినిపించింది, అడవిలో వాళ్ల గొంతు లాము దాకా రావడానికే కష్టపడుతోంది. మన జిల్లాలో కూడా పాడేరులో ఉన్నవాళ్ల మాటకి, రోడ్డు లేని గూడెం మాటకి ఒకే బరువు ఉందా? హాస్టల్లో చదువుతున్న మనం ఏ వైపు ఉన్నామో కూడా చూసుకోవాలి.

మీ ఊరి చివరి గ్రామసభ తీర్మానం కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే గ్రూపులో పెట్టండి. మా ఊరిది సెలవులకి వెళ్లినప్పుడు అడిగాను. దరఖాస్తు రాసివ్వమన్నారు, రాసిచ్చాను. వస్తే కువిలో చదివి ఆడియో చేసి పెడతాను.