గోడకు తొడుగు, లోపల బూజు

దక్షిణ వేల్స్ లోయల్లో పేదవాళ్ళలో చాలామందికి సొంతిళ్ళున్నాయి. సొంతిల్లున్నవాడు పేదవాడెలా అవుతాడని మనవాళ్ళు నన్ను అడుగుతుంటారు. విశాఖలో వైద్యం చదివి ఇక్కడికొచ్చి, ఈ లోయల్లోనే ప్రాక్టీసు చేసి రిటైరైనవాణ్ణి. నా రోగులు ఎక్కువగా బొగ్గుగని కార్మికులు, వాళ్ళ భార్యలు. తాతలు చందాలు వేసుకుని కట్టుకున్న రాతిగోడల వరస ఇళ్ళు వాళ్ళవి. గనులు నడిచినన్నాళ్ళూ జీతంతోపాటు బొగ్గు కూడా వాకిట్లో పడేది కనుక గోడలెంత చల్లగా ఉన్నా పొయ్యి ఆరేది కాదు. రోండా లోయలో చివరి గని 1990లో మూతపడింది. జీతం పోయింది, ఇల్లు మిగిలింది.

ఇంట్లో కనీసం 18 డిగ్రీలుండాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన కోస్తాలో 18 డిగ్రీలకే మఫ్లరు చుట్టుకుంటాం. ఇక్కడ పింఛను మీద బతికే ముసలమ్మకు అది అందని వెచ్చదనం. అలాంటి ఇంటికి రోగిని చూడ్డానికి వెళ్తే ముందు పడగ్గది గోడ మీద చెయ్యి పెట్టేవాణ్ణి. చేతికి తడి తగిలిందంటే ఛాతీలో ఏం వినబడుతుందో తెలిసిపోయేది.

సర్కారు సాయం చేయడం లేదని అనను. వేల్స్‌లో 2011 నుంచి నెస్ట్ పథకం ఉంది. ఆదాయం తక్కువున్న ఇంటి యజమానులకు అటక మీద ఇన్సులేషన్ వంటివి ఉచితంగా అమరుస్తారు. 2013లో ఈకో అనే మరో పథకం వచ్చింది. దానికి డబ్బు ఖజానాలోంచి రాలేదు, అందరి కరెంటు, గ్యాసు బిల్లుల్లోంచి వచ్చింది. అంటే దరఖాస్తు నింపడం చేతకాని ముసలమ్మ కూడా ఊళ్ళోవాళ్ళ గోడలకు చందా కట్టినట్టే. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందని మా పక్క లోయలో పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశాడు. గ్రాంట్లూ అంతే.

అయితే నా అసలు ఫిర్యాదు పని తీరు గురించి. బ్రిజెండ్ జిల్లాలో కైరై అని చిన్న ఊరు. 2012, 2013ల్లో ప్రభుత్వ పథకాల కింద అక్కడి ఇళ్ళకు బయటి గోడల మీద ఇన్సులేషన్ పలకలు బిగించి పైన పూత పూశారు. ఇక్కడి వాన నిలువుగా పడదు, గాలితో వచ్చి గోడను కొడుతుంది. చూరు దగ్గరో కిటికీ పక్కనో సందు మిగిలితే నీళ్ళు పలక వెనక్కి దిగుతాయి, ఇక బయటికి రావు. పాత రాతిగోడ తడిస్తే గాలికి ఆరేది. తొడుగు వేశాక ఆరే దారీ మూసుకుపోయింది. చెమ్మ, బూజు, ఊడిపోయే గచ్చు. చివరికి 104 ఇళ్ళకు ఆ పని ఊడబెరికి సరిచేయాలని తేలింది, అదీ ప్రజల డబ్బుతోనే.

ఇదేదో ఒక్క ఊరి ఖర్మ అనుకున్నాం. 2025 అక్టోబరులో బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీసు లెక్క చెప్పింది: ఈకో తాజా దశలోనూ దాని తోటి పథకంలోనూ బయటి గోడలకు చేసిన ఇన్సులేషన్‌లో 98 శాతానికి మరమ్మతులు కావాలట. ఇరవై రెండు వేలకు పైగా ఇళ్ళు! నవంబరు బడ్జెట్లో ఈకోను ఇక కొనసాగించబోమన్నారు. ఆపరేషన్ వికటించిందని ఆసుపత్రినే మూసేస్తారా?

ఆపాల్సింది పథకాన్ని కాదు, మార్చాల్సింది పని తీరును. తెలంగాణలో పేదలు కట్టుకునే ఇందిరమ్మ ఇంటికి సర్కారు 5 లక్షల రూపాయలు ఒక్కసారే ఇవ్వదు. పునాది, గోడలు, స్లాబు, ఒక్కో దశ చూసుకుని ఇస్తారు. అక్కడ లొసుగుల్లేవని కాదు, పద్ధతి మంచిది. ఇక్కడా కాంట్రాక్టరు బిల్లులో కొంత రెండు చలికాలాలు గడిచేదాకా ఆపాలి. తనిఖీకి వచ్చే మనిషికి జీతం కాంట్రాక్టరు చేతుల మీదుగా అందకూడదు. వచ్చినాయన ఫొటోలు తీసుకుని పోకుండా, వాన వెలిశాక లోపలి గోడ తడిమి చూడాలి.

ఈ దేశంలో పాత ఇళ్ళు కొంటున్న మన పిల్లలకు ఒక మాట. ధర తక్కువని తొందరపడకండి. బయటి గోడకు తొడుగుంటే అది ఎప్పుడు వేశారో, గ్యారంటీ ఎన్నేళ్ళో రాసిన కాగితం అడగండి. రాతిగోడల గురించి తెలిసిన సర్వేయరుకు చూపించిన తర్వాతే బయానా ఇవ్వండి.