ఇరుసు చూశారా?

డిస్క్ బ్రేకుల రోడ్ సైకిల్‌కి పాత చక్రాలు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇరుసు సంగతి చూడండి. నేను చూడకుండానే ఓ జత తెచ్చుకున్నాను. డిస్క్ చక్రాలే, సైజూ అదే. తీరా బిగించబోతే నా సైకిల్ ఇరుసు వాటిలో దూరదే!

తొలినాళ్ల డిస్క్ రోడ్ సైకిళ్లలో చాలావాటికి క్విక్ రిలీజ్ ఉండేది, వెనక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు. ఇప్పుడు దాదాపు అన్నిటికీ 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిలే. వెడల్పు ముందు 100, వెనక 142. నిజానికి ఈ 142 పాత 135కి అటూ ఇటూ మూడున్నర చొప్పున కలిపిందే. అందుకే కొన్ని హబ్బులకు చివరి మూతలు మారిస్తే సరిపోతుంది. నావాటికి ఆ మూతలు దొరకలేదు.

ఇరుసు మాత్రం ఫ్రేముదే వాడాలి. పొడవూ, థ్రెడ్డూ (1, 1.5, 1.75 మిల్లీమీటర్లు) కంపెనీకో తీరు. వేరేది బలవంతంగా తిప్పారో, ఫ్రేము థ్రెడ్డే పోతుంది. రోటర్‌తో అంత బెంగ లేదు లెండి, సెంటర్ లాక్ హబ్బుకి అడాప్టర్ పెట్టి ఆరు బోల్టులదీ వేయొచ్చు.

నా జత ఇంకా అటక మీదే ఉంది.