సమాన నిబంధన, అసమాన భారం

ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో ఎం.డి. చేసి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఆసుపత్రిలో ఏడేళ్లు పనిచేశాను. ఒకే రాత్రి మూడు సిజేరియన్లు చేసిన రోజులున్నాయి. భర్త ఉద్యోగం కోసం బ్రిటన్ వచ్చాను. ఇద్దరు పిల్లలు పుట్టారు. నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఎం.ఆర్.సి.ఒ.జి. పరీక్షలు పాసై ఇక్కడి ఆసుపత్రిలో చేరి రెండేళ్లయింది. ఆపరేషన్లు చేస్తున్నాను, కానీ కన్సల్టెంటును కాను.

బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవలో శాశ్వత కన్సల్టెంటు కావాలంటే 1997 నుంచి నిపుణుల రిజిస్టరులో పేరుండాలి. బయట శిక్షణ పొందినవాళ్లు తమ నైపుణ్యాన్ని రుజువు చేసుకోవాలి. ‘మీ శిక్షణ మా శిక్షణకు సమానమా?’ అని అడిగే పద్ధతి 2023 నవంబరులో మారింది. ఇప్పుడు ‘కన్సల్టెంటుకు కావలసిన జ్ఞానం, నైపుణ్యం, అనుభవం మీకున్నాయా?’ అని అడుగుతున్నారు. మంచి మార్పే.

రుజువు అడగడం తప్పని నేననను. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న స్త్రీకి, కత్తి పట్టిన మనిషికి పని వచ్చో రాదో తెలుసుకునే హక్కుంది. నా అభ్యంతరం లెక్క కట్టే తీరు మీద. వందల పేజీల కాగితాలు కావాలి. చేసిన ఆపరేషన్ల లాగ్‌బుక్కు, పై డాక్టర్ల మదింపు, తోటివాళ్ల అభిప్రాయాలు, వాటన్నిటికీ ఆసుపత్రి ధ్రువీకరణ. అందులోనూ గత అయిదారేళ్ల పనికే ఎక్కువ విలువ. ఆరేళ్లు వెనక్కి లెక్కపెడితే నాకు నాలుగేళ్లు ఖాళీ. ఏడేళ్ల అనుభవం ఆ గీతకు అవతల ఉండిపోయింది.

ఈ నిబంధనలో ఆడ, మగ అనే మాటే లేదు. కానీ కాన్పులకు పని ఆపిందెవరు? భర్త ఊరు మారితే ఉద్యోగం వదులుకున్నదెవరు? నాతో చదివిన మగ డాక్టర్లకు పిల్లలు పుట్టలేదా? అందరికీ ఒకేలా కనిపించే నియమమైనా, సరైన కారణం లేకుండా స్త్రీలను వెనక్కి నెడితే అదీ వివక్షేనని ఆ దేశపు 2010 సమానత్వ చట్టమే చెబుతోంది.

అందుకే ప్రసూతికీ పిల్లల పెంపకానికీ తీసుకున్న విరామాన్ని ఆ లెక్కలోంచి తీసేయాలి. అది ఎవరి దయకో వదలకుండా హక్కుగా ఇవ్వాలి. తిరిగి పనిలో చేరే స్త్రీకి జీతంతో పర్యవేక్షణ కాలం ఇచ్చి, ఆమె పని చూసి నిర్ణయించాలి.

తప్పంతా పరాయి దేశానిదే కాదు. పాత రికార్డు కోసం నేను ఉత్తరం రాస్తే ఆపరేషన్ రిజిస్టరు దొరకలేదన్నారు. ఉద్యోగం వదిలే ప్రతి డాక్టరుకూ చేసిన పనికి సంతకం చేసిన రికార్డు ఇవ్వాలని మన ఆసుపత్రులను మనం అడగాలి.

ఇది చదువుకున్నవాళ్ల గోడు, మనకెందుకని అనుకోవద్దు. బిడ్డను కన్నందుకు స్త్రీ అనుభవాన్ని చెరిపేయడం ఏ పనిలోనైనా అన్యాయమే. చేతికొచ్చిన పని నాలుగేళ్లలో ఆవిరైపోదు. ఆవిరైందని అనుమానముంటే పరీక్షించండి, సిద్ధంగా ఉన్నాం. చూడకుండానే కొట్టేయకండి.