సెలీనియం: మోతాదే కీలకం

1950ల దాకా సెలీనియం అంటే విషమే. అమెరికాలోని దక్షిణ డకోటాలో ఆ ఖనిజం ఎక్కువున్న గడ్డి మేసిన పశువులకు తోక వెంట్రుకలు రాలి, గిట్టలు ఊడిపోయేవి. 1957లో క్లాస్ ష్వార్జ్, ఫోల్ట్జ్ ఎలుకలపై చేసిన ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని తిరగరాశాయి. కాలేయం కుళ్లి చనిపోతున్న ఎలుకలను కాపాడింది లేశమాత్రపు సెలీనియమే. కిలో మేతలో 0.1 మిల్లీగ్రాము ఉంటే దాదాపు సరిపోతుంది. అదే 5 మిల్లీగ్రాములకు చేరితే ఎదుగుదల కుంటుపడుతుంది, కాపాడాల్సిన కాలేయమే దెబ్బతింటుంది. ఇంత ఇరుకు హద్దు ఉన్న పోషకాలు అరుదు.

మనుషుల విషయంలోనూ ఈ ప్రమాదం ఊహ కాదు. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంటులో లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం కలిసిపోయింది. తాగినవారికి జుట్టు రాలింది, గోళ్లు పాడయ్యాయి.

మన దగ్గర సెలీనియం మాత్రలు డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 40 మైక్రోగ్రాములు చాలంటోంది. అందులో చాలా భాగం ధాన్యం, పప్పులు, గుడ్లు, చేపల నుంచే అందుతుంది. లోపం ఉందని పరీక్షలో తేలకుండా, డాక్టరు చెప్పకుండా ఈ మాత్రలు మొదలుపెట్టకండి. ఇప్పటికే వాడుతుంటే సీసా మీద మోతాదు ఈరోజే చూసుకోండి.