రహీం సాబ్ క్లబ్ ఎవరి అమానత్?



పోయిన నెల పెళ్ళి బట్టలకని ప్రొద్దుటూరు బజారుకు వెళ్ళాం. అక్కడ మా చిన్నోడు ఒక చొక్కా దగ్గర ఆగిపోయాడు. ముదురు నీలం రంగు, నడుమ ఎర్ర పట్టీ. పారిస్ సెయింట్ జర్మేన్ అనే ఫ్రెంచ్ ఫుట్‌బాల్ క్లబ్‌ది. అసలుది కాదులెండి, నకలే. అయినా వాడికి ఈద్ ముందే వచ్చినంత ఖుషీ. పులివెందులకు తిరిగొచ్చే బస్సులో ఆ క్లబ్ తారీఖంతా నాకు వినిపించాడు. 1970లో పుట్టిందట. 2011లో ఖతర్ వాళ్ళు కొన్నారట. 2025 మే నెలాఖరున ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి మొదటిసారి యూరప్ ఛాంపియన్ అయిందట. అంతా చెప్పి, కిటికీ వైపు తిరిగి అడిగాడు.

"అబ్బా, మన దగ్గర ఇట్లాంటి క్లబ్ ఒకటన్నా లేదా?"

"లేదు రా, మనది క్రికెట్" అనేశాను.

ఆ రాత్రి ఇషా తర్వాత కూడా నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను చెప్పింది ఝూట్. తెలియక చెప్పింది కూడా కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు నేను బచ్పన్‌లోనే మా అబ్బాజాన్ నోట విన్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతీ విన్నాను. కొడుకు అడిగిన పూట మాత్రం నాకు గుర్తుకు రాలేదు. మన ఇళ్ళల్లో చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

పారిస్ క్లబ్ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు మాట ఇది. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. హైదరాబాద్ రియాసత్ ముగిసింది. ఆ తర్వాతి రోజులు అక్కడి ముసల్మాన్ ఖాందాన్‌లకు ఎలాంటివో మనం పెద్దల నోట వినే ఉన్నాం. నౌకరీలు పోయినవాళ్ళు ఎందరో. సామాన్లు కట్టుకుని కరాచీ వెళ్ళినవాళ్ళు ఎందరో. ఉన్నవాళ్ళలో భయం, షక్. సరిగ్గా రెండేళ్ళకు, 1950లో, అదే షహర్ నుంచి పోలీసు జట్టు ఒకటి బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ సీజన్‌లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా పట్టుకొచ్చింది. రోవర్స్ కప్పు ఒకసారితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు వీళ్ళదే. ఏ మాట వింటే షహర్ ఉలిక్కిపడేదో, ఆ 'పోలీస్' అనే మాటే రెండేళ్ళలో షహర్‌కు ఫఖ్ర్ అయింది. నాకు ఈ ఒక్క సంగతి చాలు, ఆట అంటే వక్త్ పాడుచేసుకోవడం కాదని ఒప్పుకోవడానికి.

దీని వెనక ఉన్నాయన పెద్ద ఆఫీసరూ కాదు, జాగీర్దారూ కాదు. ఒక బడి పంతులు. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, పిల్లలకు పాఠం చెప్పుకుంటూ బతికిన మనిషి. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆ వైపు మళ్ళాడు. 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా ఆ జట్టుకు కోచ్ ఆయనే. ఆయన తరీఖా చూడండి. పిల్లలకు ఒక పోటీ పెట్టేవాడు: అలవాటైన కాలితో బంతి తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. ఇంకో పోటీ: బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒక్కడే పరిగెత్తకూడదు, వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. మొదటిదాంతో రెండు కాళ్ళూ పనికొచ్చాయి. రెండోదాంతో పక్కన ఒకడున్నాడనే సోయి వచ్చింది. మన మదర్సాల్లో, బడుల్లో, ఇళ్ళల్లో కూడా ఈ రెండో పాఠం చెప్పేవాళ్ళు కావాలి.

సికింద్రాబాద్ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద పిల్లవాడు ఉండేవాడు. ఆట ఉంది, పైసా లేదు. ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి సైకిల్ అద్దెకు కూడా డబ్బుల్లేవంటే, రహీం సాబే ఇచ్చి రప్పించుకున్నాడు. ఆ పిల్లవాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు, 1962లో అర్జున అవార్డు తీసుకున్నాడు. ఆ సైకిల్ అద్దెకు మించిన ఖైరాత్ ఏముంటుంది?

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. రహీం సాబ్‌ను మన ఖౌమ్ హీరోగా మాత్రమే గోడకు తగిలించుకోవాలని చూసేవాళ్ళు ఉన్నారు. అది ఆయనకు ఇజ్జత్ కాదు. ఆయన దగ్గర ఆడినవాళ్ళలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. బలరాం ఉన్నాడు, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నాడు. పేరు అడిగి ఆయన ఎవరినీ గ్రౌండులోకి దింపలేదు. ఆ బర్కత్ అందులో నుంచే వచ్చింది.

దేశం జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మనవాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. ఆ శర్మిందగీ దిగమింగి, నాలుగేళ్ళలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరారు. నాలుగో స్థానం. ఈ రోజుకీ ఆ మెట్టు దాటి మన జట్టు పైకి వెళ్ళింది లేదు. 1960 రోమ్‌లో అదే ఫ్రాన్స్ జట్టుతో 1-1తో సమంగా నిలిచారు. మా వాడు ఏ దేశం క్లబ్ చొక్కా వేసుకున్నాడో, ఆ దేశంతో!

చివరిది 1962 జకార్తా. రహీం సాబ్ ఒంట్లో అప్పటికే కేన్సర్. రాజకీయ కారణాలతో స్టేడియం మొత్తం మన మీద కోపంగా ఉంది. జర్నైల్ సింగ్ తలకు కుట్లు. తంగరాజ్‌కు జ్వరం తగ్గీ తగ్గక ముందే. మొదటి మ్యాచ్‌లో 2-0తో ఓడించిన దక్షిణ కొరియాతోనే సెప్టెంబరు 4న ఫైనల్. 2-1తో గెలిచారు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్‌ను ముందుకు పంపితే, తలకు కుట్లు ఉండగానే గోల్ కొట్టాడు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఇంతిఖాల్ అయ్యారు. ఆ తర్వాత అరవై ఏళ్ళు దాటాయి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మళ్ళీ మన గడప తొక్కలేదు.

"అది హైదరాబాద్ వాళ్ళ సంగతి, మన కడప వాళ్ళకేంటి?" అని మీలో కొందరు అడుగుతారు. నిజమే, 1800లోనే నిజాం మన ఇలాఖాను కంపెనీ వాళ్ళకు రాసిచ్చేశాడు. మనం దత్తమండలం వాళ్ళం. కానీ 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నేళ్ళకు ఆ జట్టు కూడా పేరు మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతోనే 1961లో డ్యూరాండ్ గెలిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్ర జట్టే. అంటే కాగితం మీద ఆ జట్టు పులివెందులది కూడా. కాగితం మీద నుంచి కాళ్ళలోకి దిగలేదు, అంతే. ఆ తప్పు జట్టుది కాదు.

మరి ఆ క్లబ్ ఏమైపోయింది? కలకత్తా పెద్ద క్లబ్బులు డబ్బు చూపించాయి, మంచి ఆటగాళ్ళు అటు వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టలేం. హైదరాబాద్ గల్లీల్లో పెరిగిన మహమ్మద్ హబీబ్ కలకత్తాలో 'బడే మియా' అయ్యాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో నిలబడ్డప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఇక్కడ మాత్రం ఖాళీ అయిన జాగాలు నిండలేదు. ఆట తెలిసినవాడికి పోలీసు నౌకరీ దొరికితేనే ఆ జట్టు బతుకుతుంది. జీతం, రోటీ, ఇజ్జత్ మూడూ ఒకచోట దొరికేవి కాబట్టే పేద ఇంటి అమ్మీలు పిల్లల్ని గ్రౌండుకు పంపారు. ఆ దారి సన్నబడేకొద్దీ జట్టూ సన్నబడింది. మహకమా పెట్టిన క్లబ్, మహకమాకు ధ్యాస మళ్ళగానే ఆరిపోయింది.

ఆ తర్వాత కోట్ల క్లబ్ వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు కూడా గెలిచింది. రెండేళ్ళు తిరక్కముందే జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మాలిక్‌లు మారారు. 2025లో క్లబ్‌ను మూటగట్టి ఢిల్లీకి తీసుకెళ్ళి, పేరు కూడా మార్చేశారు. షహర్‌ను అడిగినవాడు లేడు. అడగాలని షహర్‌కూ తోచలేదు.

ఇప్పుడు మళ్ళీ ఫ్రాన్స్‌కే వెళ్దాం, మా వాడు చెప్పని క్లబ్ దగ్గరికి. సోషో అనే చిన్న ఊరు. పెజో కార్ల కంపెనీ వాళ్ళు 1928లో అక్కడ క్లబ్ పెట్టారు. మన సిటీ పోలీస్ లాగే నౌకరీ పెట్టిన జట్టు. రెండుసార్లు ఫ్రాన్స్ ఛాంపియన్. 2015లో కంపెనీ దాన్ని విదేశీ వ్యాపారులకు అమ్మేసింది. 2023కల్లా లెక్కలు తలకిందులై క్లబ్ మూడో డివిజన్‌కు పడిపోయింది, మూతపడేదే. అప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళు లేచారు. అక్కడి వ్యాపారులు కొంత వేశారు. వేలమంది మామూలు అభిమానులు తలా ఇంత చందా వేసి క్లబ్‌లో వాటా కొన్నారు. ఈ రోజు క్లబ్ బతికి ఉంది.

నా మాట ఇంతే. క్లబ్ మాలిక్‌ది కాదు, మహకమాది కాదు, అది ఊరి అమానత్. అమానత్ అనుకున్న ఊళ్ళో అది నిలిచింది. తమాషా అనుకున్న చోట వెళ్ళిపోయింది. మాలిక్‌లను తిట్టడం ఆసాన్. మన హిస్సా ఏంటని అడుక్కోవడం కష్టం.

నా హిస్సా నేను చెప్తాను. మా బడే భాయ్ బాగా ఆడేవాడు. కాలేజీ జట్టులో పేరు వచ్చి, బయటూరు పంపాలన్నప్పుడు మా అబ్బాజాన్ ఒప్పుకోలేదు. "బంతి తంతే బియ్యం వస్తాయా?" అన్నాడు. రహీం సాబ్ గురించి కళ్ళు మెరుస్తూ చెప్పిన అదే అబ్బాజాన్! భాయ్ మెకానిక్ షెడ్డులో చేరాడు. ఇప్పటికీ రోడ్డు మీద పిల్లల బంతి కాళ్ళ దగ్గరికి వస్తే, తిరిగి తన్నకుండా చేత్తో తీసి ఇస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. సరే, అబ్బాజాన్‌కు ఆరుగురు పిల్లలు, కరువు కాలం. నాకేం మజ్బూరీ ఉంది? పోయినేడు చిన్నోడిని కడపలో సెలక్షన్స్‌కు పంపమని వాళ్ళ పీఈటీ సార్ అడిగితే, నేనూ "టెన్త్ కానీ, తర్వాత చూద్దాం" అన్నాను. మాటలు మార్చాను, అబ్బాజాన్ చెప్పిందే చెప్పాను.

నమాజ్ వదిలి ఆడమని, చదువు వదిలి ఆడమని నేను అనడం లేదు. అసర్ తర్వాత మగ్రిబ్ దాకా ఉన్న ఆ గంటన్నర పిల్లలది. ఈ రోజు ఆ వక్త్ ఫోన్‌కు పోతోంది. మహల్లాకు ఒక బంతి, ఒక ఖాళీ జాగా, రోజూ వచ్చి నిలబడే ఒక పెద్దమనిషి ఉంటే చాలు. రహీం సాబ్‌కు మొదట్లో ఉన్నది కూడా దాదాపు అంతే. వలీమాకు రెండు రకాలు తగ్గించుకుంటే ఒక జట్టుకు బూట్లు వస్తాయి. పక్క వీధి రెడ్ల పిల్లల్ని, దళితవాడ పిల్లల్ని కూడా పిలవండి. రహీం సాబ్ జట్టు అట్లానే తయారైంది. ఆడపిల్లలు ఆడతామంటే, వాళ్ళకూ జాగా, వక్త్ చూడండి.

ఇంకొకటి. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న పోయారు. రహీం సాబ్ కొడుకు హకీం 2021లోనే వెళ్ళిపోయారు. అజయ్ దేవగణ్ హిందీ సినిమా 'మైదాన్' 2024లో వచ్చేదాకా మన పిల్లల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. సినిమా వాళ్ళు చెప్పాల్సి వచ్చింది, ఇంట్లో వాళ్ళం చెప్పలేదు. మీ ఇంట్లో ఆ ఆట చూసిన నానా, దాదా ఇంకా ఉంటే ఈ రోజే పక్కన కూర్చుని అడగండి, రాసి పెట్టుకోండి.

నిన్న మగ్రిబ్ తర్వాత చిన్నోడిని పిలిచి, బస్సులో నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఈ కథంతా చెప్పాను. వాడు చివరిదాకా విని, "అయితే ఆ జట్టు చొక్కా ఎక్కడ దొరుకుతుంది అబ్బా?" అన్నాడు.

ప్రొద్దుటూరు బజారులో దొరకదు. ఈసారి సెలక్షన్స్‌కు మాత్రం ఇన్షా అల్లాహ్ నేనే కడపకు తీసుకెళ్తానని మాటిచ్చాను. బడే భాయ్‌నూ వెంట రమ్మన్నాను. వస్తానన్నాడు. దువాలో గుర్తు పెట్టుకోండి.